కాగితం పనికి స్ప్రింగ్ కత్తెర: కొనేముందు, కొన్నాక తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల కిందట మా ఆడపడుచు కూతురి పెళ్లికి క్రేప్ కాగితంతో బంతిపూల దండలు నేనే చేస్తానని మాటిచ్చాను. నలభై పూలు పూర్తయ్యేసరికి కుడిచేతి బొటనవేలి మొదలు పట్టేసింది. టీ గ్లాసు ఎత్తినా జివ్వుమనేది. అప్పటిదాకా కత్తెరలన్నీ ఒకటే అనుకునేదాన్ని. ఆ తర్వాత నాలుగు స్ప్రింగ్ కత్తెరలు కొన్నాను, అందులో రెండింటికి డబ్బు దండగ. కాగితం పని నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

స్ప్రింగ్ కత్తెర అంటే మామూలు కత్తెరకు స్ప్రింగ్ తగిలించడమేనా?

ఇంచుమించు అంతే. మామూలు కత్తెరతో ఒక్క గాటు పెట్టాలంటే చెయ్యి రెండు పనులు చేస్తుంది. నొక్కి మూస్తుంది, మళ్లీ బొటనవేలితో ఎత్తి తెరుస్తుంది. స్ప్రింగ్ ఉంటే మూయడం ఒక్కటే మన పని. పట్టు వదలగానే అదే తెరుచుకుంటుంది. తెరిచే పని లేదు కాబట్టి బొటనవేలిని ఉంగరంలో దూర్చి ఉంచక్కర్లేదు. చాలా స్ప్రింగ్ కత్తెరలకు ఉంగరాలే ఉండకపోవడానికి కారణం ఇదే.

అయితే దీంతో కోయడం తేలికన్నమాట?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. స్ప్రింగ్ కాగితాన్ని కోయదు. కోసే బలం మనమే పెట్టాలి, పైగా ఆ స్ప్రింగును అణచడానికి ఇంకొంచెం పెట్టాలి. ఒక్క గాటు వరకే లెక్క చూస్తే మామూలు కత్తెర కంటే దీనికే ఎక్కువ నొక్కాలి.

మరి హాయిగా ఎందుకుంటుంది? వేళ్లను ముడిచే కండరాలు ముంజేతి లోపలివైపు ఉంటాయి. బకెట్టు మోసేవి, చపాతీ పిండి పిసికేవి అవే, గట్టివి. వేళ్లను చాచే కండరాలు ముంజేతి పైవైపు ఉంటాయి. వాటికి అంత బలం లేదు, త్వరగా అలిసిపోతాయి. అలిసిపోయేవాటి పనిని స్ప్రింగ్ తాను తీసుకుని, గట్టివాటి మీద కాస్త అదనపు బరువు వేస్తుంది. బేరం అదీ.

నా బంతిపూల లెక్క చెబుతాను. పువ్వుకు మీటరు పొడవు పట్టీ. 3 మిల్లీమీటర్లకు ఒక గాటు పెడితే మీటరుకు 330 పైచిలుకు గాట్లు. 40 పూలకు 13,000 దాటుతాయి. పెళ్లి పేరు చెప్పి నా బొటనవేలు అన్నిసార్లు పైకి లేచింది. నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం.

నాకు అవసరమో కాదో ఎలా తెలుస్తుంది?

పాత న్యూస్ పేపరు తీసుకుని, ఇప్పుడున్న కత్తెరతోనే అంచు వెంబడి వంద గాట్లు ఆగకుండా పెట్టండి. చెయ్యి ఎక్కడ పట్టేస్తోందో చూసుకోండి. బొటనవేలి వెనక, మణికట్టుకు బొటనవేలి వైపు, లేదా ముంజేతి పైవైపు లాగుతుంటే అది తెరవడం వల్ల వచ్చే అలసట. స్ప్రింగ్ కత్తెర పనికొస్తుంది.

అరచేతి లోపల, బొటనవేలి కింద కండలో నొప్పి పుడుతుంటే అది నొక్కడం వల్ల వచ్చింది. స్ప్రింగ్ దాన్ని తగ్గించదు, పెంచినా పెంచవచ్చు. అక్కడ ముందు చూడాల్సింది పదును. మొద్దుబారిన కత్తెరను నెట్టుకొస్తూ చేతిని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఇక ఉంగరం ఒరుసుకుని చర్మం ఎర్రబడటమే మీ బాధ అయితే, మెత్తటి రబ్బరు లోపొర ఉన్న పెద్ద ఉంగరాల మామూలు కత్తెర చాలు.

మీరు చేసే పని కూడా చూసుకోవాలి. పూలు, అంచు కుచ్చులు, తోరణాలు, క్విల్లింగ్ (సన్నటి కాగితం పట్టీలను చుట్టి బొమ్మలు చేయడం), బొమ్మ చుట్టూ వంపులు తిరుగుతూ కోయడం, ఇవన్నీ వందల చిన్న చిన్న గాట్లు. వీటికి స్ప్రింగ్ బాగా నప్పుతుంది. చార్టును ఈ చివర నుంచి ఆ చివరకు నిలువునా కోసే పనికి దీంతో ఒరిగేదేమీ లేదు.

నొప్పి చాన్నాళ్లుగా ఉంది. కత్తెర మారిస్తే పోతుందా?

వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ముడుచుకోకపోయినా, ఒక వేలు టక్కుమని పట్టేసి తెరుచుకుంటున్నా ముందు డాక్టరుకు చూపించండి. కత్తెర సంగతి తర్వాత.

ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషనా?

నిజానికి మామూలు కత్తెరే దీని కంటే తర్వాత వచ్చింది. మొట్టమొదటి కత్తెరలు ఒకే లోహపు పట్టీని చపాతీలు తిప్పే చిమ్టాలా వంచి, రెండు కొసలకు పదును పెట్టినవి. వంపే స్ప్రింగు. నడిమధ్య మేకు బిగించిన కత్తెరలు రోమన్ల కాలంలో వచ్చాయి. పాత రకం పోలేదు, గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరగా మిగిలింది.

నాకు బాగా నచ్చిన సంగతి పోలండ్‌ది. అక్కడి పల్లెల్లో రంగు కాగితాలను మడతపెట్టి కోడిపుంజులు, పూలు, చెట్లు కోసి గోడలకు అంటించే కళ ఉంది. దాన్ని ‘విచినాంకి’ అంటారు. ఆ సన్నటి పనిని వాళ్లు సంప్రదాయంగా గొర్రెల ఉన్ని కత్తెరలతోనే చేసేవారు. అరచేయంత బ్లేడుతో కోడిపుంజు తోక ఈకలు కోశారంటే, మనం మొన సన్నగా లేదని సణగడం కాస్త తగ్గించుకోవచ్చు.

జపాన్‌లో దారాలు తుంచే ‘నిగిరి బసామి’ కూడా ఈ వంపు రకమే. మన టైలర్ల దగ్గర అరచేతిలో ఇమిడిపోయే థ్రెడ్ కట్టర్ ఉంటుందే, అదీ ఈ కుటుంబానిదే. ఫిన్లాండ్ కంపెనీ ఫిస్కార్స్ 1649లో ఇనుప కార్ఖానాగా మొదలై, 1967లో నారింజ రంగు ప్లాస్టిక్ పిడి కత్తెర తెచ్చింది. అప్పటినుంచి చేతి ఆకారానికి తగ్గట్టు పిడిని మలచడం మిగతావాళ్లకూ అలవాటైంది. కీళ్ల నొప్పులవాళ్లకని ఇప్పుడు అమ్మే స్ప్రింగ్ కత్తెరలకు దారి అక్కడ పడింది.

అంగట్లో ఎన్ని రకాలు దొరుకుతాయి?

పేర్లు ఎన్నున్నా స్ప్రింగును బట్టి చూస్తే నాలుగే.

పిడుల మధ్య పెన్నులో ఉండేలాంటి చుట్ల స్ప్రింగ్ ఉన్నవి ఒక రకం. నొక్కుతున్నకొద్దీ బిగువు నిదానంగా, ఒకే తీరుగా పెరుగుతుంది. చిక్కల్లా ఆ స్ప్రింగ్ ఒకరోజు ఎగిరి మంచం కిందికి పోతుంది.

వంచిన ఉక్కు పట్టీ ఉన్నవి రెండో రకం. పట్టీ ఒక పిడికి బిగించి ఉండి, రెండోదాన్ని నెడుతుంది. ఊడిపోదు. నా రోజువారీ కత్తెర ఇదే. ఎక్కడన్నా కిర్రుమంటే పట్టీ రాసుకునే చోట ఒక్క చుక్క నూనె వేయాలి.

మూడోది, వెనకవైపు పిడులు రెండూ ప్లాస్టిక్ వంపుతో కలిసిపోయి ఉండేవి. వేళ్లన్నీ ఒకపక్క, అరచెయ్యి ఇంకోపక్క పెట్టి పిసికినట్టు నొక్కుతాం. బొటనవేలికి దాదాపు పని ఉండదు. చేతిలో పట్టు తగ్గినవాళ్లకు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఇవి ఇస్తారు. సన్నటి వంపులు కోయడం మాత్రం వీటితో కష్టం.

ఇందాకటి థ్రెడ్ కట్టర్ నాలుగోది. దాని గురించి విడిగా అడుగుతారు కాబట్టి కింద చెప్పాను.

ఏ సైజు కొనాలి?

పూలు, బొమ్మలు, క్విల్లింగ్ కోసమైతే మొత్తం పొడవు 5 అంగుళాలు. ఒక్కటే కొంటానంటే అదే కొనండి. 8 అంగుళాలది పొడుగు కోతలకు, కానీ పొడుగు కోతలకు మామూలు కత్తెరే మేలని పైన చెప్పాను.

పొడవు కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. పిడి పొడవుగా, బ్లేడు పొట్టిగా ఉన్నది చూడండి. ఏతం దగ్గర ఉన్న సూత్రమే ఇది. చెయ్యి నొక్కే చోటు మేకుకు ఎంత దూరంగా, కాగితం తెగే చోటు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ బలం సరిపోతుంది. కార్డును మొనతో కాకుండా బ్లేడు మొదట్లో పెట్టి కోస్తే తేలిగ్గా తెగేది ఇందుకే.

స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలి?

కత్తెరను తిరిగి పూర్తిగా తెరవగలిగినంత. అంతకు మించి ఏమాత్రం వద్దు. నేను దండగ చేసిన వాటిలో మొదటిది ఇలాంటిదే. తోటలో కొమ్మలు కత్తిరించేదానికి తోబుట్టువులా ఉండేది. గట్టిగా ఉంటే మన్నుతుందని అంగడాయన చెబితే నమ్మాను. రెండొందల గాట్లకే అరచెయ్యి మండింది.

పరీక్ష సులువు. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పెట్టి మూసి చూడండి. ఆ రెండు వేళ్లతో మూతపడకపోతే ఆ స్ప్రింగ్ కాగితానికి ఎక్కువ. మూతపడి, వదిలాక మెల్లగా, సగం తెరిచి ఆగిపోతే తక్కువ.

పిడులు ఎంత దూరం తెరుచుకుంటాయో కూడా చూడాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. స్ప్రింగ్ కత్తెర ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి, ప్రతి గాటుకూ వేళ్లు అంత దూరం చాచే ఉండాలి. నా చెయ్యి చిన్నది. పిడుల మధ్య 6 సెంటీమీటర్లు దాటితే చిటికెనవేలు అందదు. అలాంటిది ఇప్పటికే కొనేసి ఉంటే ఒక చిట్కా ఉంది. పిడుల చుట్టూ రబ్బరు బ్యాండు ఒకటి వదులుగా వేయండి. అంతకు మించి తెరుచుకోదు, స్ప్రింగ్ దురుసూ కొంచెం తగ్గుతుంది. చూడటానికి బాగోదు, పని మాత్రం జరుగుతుంది.

ఉంగరాలు ఉన్నది మంచిదా, లేనిదా?

కీళ్ల నొప్పులుంటే లేనిది. బలం ఒక్క బొటనవేలి మీద కాకుండా అరచెయ్యంతా పరుచుకుంటుంది. పట్టుకునే తీరు కూడా మధ్యలో మార్చుకోవచ్చు, అలిసిన వేలికి విశ్రాంతి దొరుకుతుంది. ఉంగరాలు ఉన్నదాంట్లో కత్తెర చేతిలోంచి జారదు, మొనను గురిగా నడపగలం. నా దగ్గర రెండూ ఉన్నాయి. పూలకు ఉంగరాలు లేనిది వాడతాను, పెళ్లి కార్డు మీది వినాయకుణ్ణి చుట్టూ కోయాలంటే ఉన్నది తీస్తాను.

అంగట్లో ఎలా పరీక్షించాలి?

సంచిలో మీరు రోజూ వాడే కాగితం ముక్కలు నాలుగు పెట్టుకెళ్లండి. పలచటి టిష్యూ లాంటిది ఒకటి, క్రేప్ ఒకటి, మందపు కార్డు ఒకటి తప్పకుండా ఉండాలి. బేగంబజార్‌లోనైనా, విజయవాడ వన్ టౌన్‌లోనైనా, అట్టకు ప్లాస్టిక్ తొడిగి సీలు వేసినదాన్ని విప్పనివ్వరు. శాంపిల్ చూపించమని అడగండి. లేదంటే నవ్వుతూ పక్క కొట్టుకు వెళ్లండి.

పలచటి కాగితాన్ని మొనతో మాత్రమే కోయండి. చివరి మిల్లీమీటరు దాకా తెగాలి. మడతపడి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటే మొనలు కలవడం లేదన్నట్టు, ఆ కత్తెర వద్దు. తర్వాత వెలుతురుకు అడ్డంగా పెట్టి మూసి చూడండి. బ్లేడ్ల మధ్య సన్నటి సందు కనిపిస్తే కంగారు పడకండి. మంచి కత్తెర బ్లేడ్లు లోపలికి కొంచెం వంపు తిరిగి, మూసినప్పుడు మొన దగ్గర కలుస్తాయి. మూస్తున్నంతసేపూ ఏదో ఒక్క బిందువు దగ్గరే తగులుతూ ముందుకు జరుగుతాయి. పూర్తిగా చదునుగా అతుక్కున్న బ్లేడ్లు కోయవు, నలుపుతాయి.

మేకు దగ్గర పట్టుకుని పక్కలకు ఆడించండి, లొడలొడలాడకూడదు. మరమేకు ఉంటే రివెట్ కంటే మంచిది, వదులైనప్పుడు బిగించుకోవచ్చు. లాక్‌ను, అంటే కత్తెర తెరుచుకోకుండా మూసి ఉంచేదాన్ని, కత్తెర పట్టుకున్న చేతి బొటనవేలితోనే వేయగలగాలి, తీయగలగాలి. కీళ్ల నొప్పులవాళ్లకు కొన్న కత్తెర లాక్ తీయడానికే గోళ్లు విరిగితే ఏం లాభం? ఇవన్నీ అయ్యాక ఆగకుండా ముప్ఫై గాట్లు పెట్టండి. అంగడాయన చూస్తే చూడనివ్వండి.

ఆన్‌లైన్‌లో కొంటే ఏం చూడాలి?

ఐదు చుక్కల రివ్యూలు చాలావరకు వచ్చిన రోజే రాసినవి. రెండు, మూడు చుక్కలవి చదవండి. ‘స్ప్రింగ్ ఊడింది’, ‘లాక్ దానంతట అదే పడుతోంది’, ‘మొన దగ్గర తెగడం లేదు’ అనే మాటలు పదే పదే కనిపిస్తే వదిలేయండి. ఫొటోలో చిన్నదా పెద్దదా తెలియదు కాబట్టి పొడవు అంగుళాల్లో చూసి, స్కేలు చేతిలో పట్టుకుని ఊహించుకోండి. తిరిగి పంపే గడువు ఉండాలి. వచ్చిన రోజే పైన చెప్పిన పరీక్షలు చేసేయండి, పండగ పనిలో పడి గడువు దాటబెట్టుకోకండి.

నేను ఎడమచేతివాటం. ‘రెండు చేతులకూ పనికొస్తుంది’ అని రాసి ఉంది. నమ్మవచ్చా?

సగమే. పిడి రెండు చేతులకూ సరిపోతుంది, బ్లేడ్లు కాదు. కత్తెరను కోయడానికి పట్టుకున్నట్టే పట్టుకుని తెరవండి. పైకి లేచిన బ్లేడు కుడిపక్కన ఉంటే అది కుడిచేతి కత్తెర. దాన్ని తిరగేసినా, బోర్లించినా అంతే. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ పై బ్లేడు మీకూ గీతకూ అడ్డొస్తుంది. గీత కనిపించక మణికట్టును వంచుతారు, ఆ వంపుతోనే నొప్పి మొదలవుతుంది.

మామూలు కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో వాడితే ఇంకో బాధ కూడా ఉంది. వేళ్ల సహజమైన తోపు బ్లేడ్లను దగ్గరకు చేర్చడానికి బదులు దూరం జరుపుతుంది, కాగితం మడతపడుతుంది. ఉంగరాలు లేని స్ప్రింగ్ కత్తెరలో పక్కకు తోసే బలం తక్కువ కాబట్టి ఈ బాధ కొంత తగ్గుతుంది. గీత కనిపించని బాధ మాత్రం అలాగే ఉంటుంది. అసలైన ఎడమచేతి కత్తెర దొరికితే కాస్త ఎక్కువ పెట్టైనా కొనండి. చిన్నప్పటినుంచి కుడిచేతి కత్తెరకు అలవాటుపడినవాళ్లకు మొదటి వారం చిరాగ్గానే ఉంటుంది.

ఎంత మందం కాగితం దాకా కోయవచ్చు?

జిరాక్స్ కాగితం 70–80 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) ఉంటుంది. మంచి పెళ్లి కార్డు, విజిటింగ్ కార్డు 250–300 దాకా ఉంటాయి. 5 అంగుళాల స్ప్రింగ్ కత్తెరతో 200 దాకా హాయిగా కోస్తాను. 300 కార్డును అప్పుడప్పుడూ కోయవచ్చు, రోజంతా కాదు. అట్టపెట్టె ముక్కలకు కట్టర్, స్టీలు స్కేలు వాడండి. త్వరగా అవుతుందని ఎనిమిది మడతలు ఒక్కసారే కోయకండి. పై పొరకూ అడుగు పొరకూ రేకు తేడా వస్తుంది, మేకు వదులవుతుంది.

పళ్లున్న బ్లేడు, నల్లపూత బ్లేడు అంటారు. అవి అవసరమా?

కంటికి ఆనీ ఆననట్టుండే సన్నటి పళ్లు జారిపోయే కాగితాన్ని పట్టి ఉంచుతాయి. గ్లేజ్ కాగితానికి, టిష్యూకు, రిబ్బనుకు మంచివే. అంచును భూతద్దంతో చూస్తే కొంచెం గరుకుగా ఉంటుంది, పూలకు ఎవరూ పట్టించుకోరు. వీటిని ఇంట్లో సాన పెట్టుకోలేం, అదొక్కటే లోటు. జిగురంటని నల్లపూత మాత్రం డబుల్ టేపు, స్టిక్కరు కాగితం ఎక్కువగా కోసేవాళ్లకు నిజంగా పనికొస్తుంది. బంగారు రంగు టైటానియం పూత గట్టిదనం కోసం. జిగురు దానికీ అంటుకుంటుంది.

మా ఇంట్లో మీరట్ కత్తెర ఉంది. అది చాలదా?

అది గొప్ప కత్తెర, గుడ్డకు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో పాత వాహనాల ఉక్కును కొలిమిలో పెట్టి చేత్తో చేసే ఆ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాత కొంటే మనవడు వాడతాడని అక్కడి సామెత, ఎన్నిసార్లు సాన పట్టినా పనికొస్తాయి కాబట్టి. కానీ బరువు. చేతిని బల్ల మీద ఆనించి గుడ్డ కోయడానికి ఆ బరువు సాయం చేస్తుంది. గాల్లో పట్టుకుని కాగితానికి వంద గాట్లు పెట్టాలంటే అదే బరువు మణికట్టును తినేస్తుంది.

ఇంకో మాట. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే టైలరు తిట్టడంలో న్యాయం ఉంది. కాగితం తెల్లగా, నున్నగా ఉండాలని సున్నపురాయి పొడి, తెల్లమట్టి లాంటివి కలుపుతారు. అవి పదును మీద గరుకు కాగితంలా పనిచేస్తాయి.

టైలర్లు వాడే థ్రెడ్ కట్టర్‌తో కాగితం పని అవుతుందా?

అవుతుంది, కొంతవరకు. చవగ్గా దొరుకుతుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. క్విల్లింగ్ పట్టీలు తుంచడానికి, సన్నటి కుచ్చులకు బాగుంటుంది. బ్లేడు పొట్టిది కాబట్టి వంపులు గతుకులు గతుకులుగా వస్తాయి. స్ప్రింగ్ కత్తెర మీ చేతికి సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి ముందు ఇది కొని వారం వాడి చూడండి. నేను ఆ పని చేసి ఉంటే రెండు కత్తెరల డబ్బు మిగిలేది.

పిల్లలకు స్ప్రింగ్ కత్తెర ఇవ్వవచ్చా?

మూడు నాలుగేళ్ల పిల్లలకు మొదట్లో మంచిదే. వాళ్లకు మూయడం ముందు వస్తుంది, తెరవడం తర్వాత వస్తుంది. మొన గుండ్రంగా ఉన్నది తీసుకోండి. కొన్నింటికి ప్లాస్టిక్ స్ప్రింగును అటు తిప్పితే పనిచేసేలా, ఇటు తిప్పితే చేయనట్టుగా పెడతారు. అది ఇంకా మేలు. చెయ్యి కుదిరాక స్ప్రింగ్ తీసేసి మామూలుగా వాడనివ్వాలి, లేకపోతే తెరవడం నేర్చుకోరు. ప్రత్యేకంగా సాయం కావలసిన పిల్లలైతే చూసే థెరపిస్టును అడిగి కొనండి.

మంచి కత్తెరే కొన్నాను. అయినా నొప్పి వస్తోంది. ఎందుకు?

పట్టే తీరు చూసుకోండి. కత్తెర చేతిని కదలనివ్వకండి, కాగితాన్ని తిప్పండి. గుండ్రం కోసేటప్పుడు కుడిచేతివాళ్లు గడియారం ముల్లుకు ఎదురుగా, ఎడమచేతివాళ్లు ముల్లు తిరిగే వైపుగా వెళితే గీత కనిపిస్తూ ఉంటుంది, మణికట్టు వంగదు. మోచేతిని బల్ల మీద ఆనించండి. మంచం మీద ఒళ్లో పెట్టుకుని, టీవీ చూస్తూ చేసే పనిలోనే సగం నొప్పులు పుడతాయి. నా అలవాటూ అదే, ఇంకా పూర్తిగా మానలేదు.

ప్రతి గాటుకూ మొనలు టక్కున కొట్టుకునేదాకా నొక్కక్కర్లేదు. వంపులో వెళుతున్నప్పుడు ముప్పావు మూసి వదిలేయండి. స్ప్రింగ్ చివరి కొసలోనే ఎక్కువ ఎదురు తిరుగుతుంది, ఆ కొసను మిగిల్చుకుంటే చెయ్యి మిగులుతుంది. గీత కూడా నున్నగా వస్తుంది. ఇక ఇరవై నిమిషాలకొకసారి కత్తెర కింద పెట్టి, కోసినవి అంటించే పని చేయండి. నేను దండలన్నీ కోయడం ముందు, చుట్టడం తర్వాత అని పెట్టుకున్నాను. అదే పొరపాటు.

బ్లేడుకు జిగురు పట్టింది. ఎలా తీయాలి?

ఫెవికాల్ అయితే ఆరకముందే తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. టేపు జిగురు నీళ్లకు రాదు. దూదికి నీలగిరి తైలమో స్పిరిటో అద్ది తుడిస్తే వస్తుంది. గోళ్లరంగు తీసే ద్రవం బ్లేడుకు పరవాలేదు గానీ పిడికి తగిలితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఏది చేసినా కత్తెరకు లాక్ వేసి చేయండి, లేదా బ్లేడు వెనకవైపు నుంచి తుడవండి. స్ప్రింగ్ కత్తెర తుడుస్తుండగా నోరు తెరుస్తుంది, నాకు రెండు కుట్లు పడ్డాయి.

నూనె వేయాలా? సాన పట్టించాలా?

నెలకొక చుక్క కుట్టుమిషను నూనె, మేకు దగ్గర. నాలుగుసార్లు ఆడించి, చెత్త కాగితం కోసి, బాగా తుడవండి, లేకపోతే మొదటి పువ్వుకు మరక పడుతుంది. కొబ్బరినూనె వద్దు. చలికాలం గడ్డకడుతుంది, దుమ్ము పట్టి జిగటగా మారుతుంది.

సానకు ఇస్తే వీధిలో సైకిల్ మీద వచ్చేవాళ్లకు ఇవ్వకండి. వాళ్ల పనితనాన్ని తప్పుపట్టడం లేదు. కూరగాయల కత్తికి, పెద్ద కత్తెరకు వాళ్ల చక్రం సరిగ్గా సరిపోతుంది. 5 అంగుళాల సన్న మొనను అదే చక్రం మీద పెడితే మొన మాయమవుతుంది. టైలరింగ్ సామాన్ల కొట్లలో చిన్న కత్తెరలు పట్టేవాళ్లుంటారు, వాళ్లకిచ్చి బ్లేడు లోపలి చదును ముఖాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. అల్యూమినియం ఫాయిల్‌ను మడిచి కోస్తే పదునెక్కుతుందని అంటారు. అంచున వంగిన సన్నటి పొర సర్దుకుని రెండు రోజులు బాగున్నట్టుంటుంది, అరిగిన పదును తిరిగిరాదు.

స్ప్రింగ్ ఊడిపోయింది. కత్తెర పారేయాలా?

ముందు వెతకండి. ఒక అయస్కాంతం గుడ్డలో చుట్టి చీపురులా నేల మీద తిప్పండి. దొరక్కపోతే హార్డ్‌వేర్ కొట్టుకు కత్తెర తీసుకెళ్లి అదే సైజు చుట్ల స్ప్రింగ్ అడగండి. పెన్ను స్ప్రింగుతో మాత్రం సరిపెట్టకండి, అంత బలం దానికి లేదు. ఉంగరాలున్న కత్తెరైతే స్ప్రింగ్ లేకుండానే మామూలు కత్తెరలా వాడుకోవచ్చు.

మా అమ్మకు డెబ్బై ఏళ్లు. బొమ్మల కొలువుకు కాగితం పని ఇష్టం. బహుమతిగా కొనవచ్చా?

కొనండి, కానీ ఆవిడ చేతిని చూసి కొనండి. ఆ వయసులో పట్టు తగ్గుతుంది, చాలామందికి బొటనవేలి మొదట్లో కీలు అరుగుతుంది. స్ప్రింగ్ మెత్తగా ఉండాలి, పిడి లావుగా, మెత్తగా, జారకుండా ఉండాలి. లాక్ పెద్దదిగా ఉంటే మంచిది. కుదిరితే అమ్మను వెంట తీసుకెళ్లండి. నచ్చనిదాన్ని అమ్మలు బీరువాలో దాచి, బాగుందనే చెబుతారు.

అమెరికాలో అక్కకు పంపాలి. విమానంలో తీసుకెళ్లనిస్తారా?

చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, మొనకు అట్టముక్క తొడిగి. అమెరికా విమానాశ్రయాల నియమం ప్రకారం మేకు నుంచి మొన దాకా 4 అంగుళాల లోపు ఉంటే చేతిసంచిలో వెళ్లవచ్చు, కానీ మీరు బయలుదేరేది ఇక్కడినుంచి. సెక్యూరిటీ దగ్గర కత్తెర గురించి వాదిస్తూ టెన్షన్ పడటం ఎందుకు?

వట్టి కత్తెర ఆడిస్తే ఇంట్లో గొడవలొస్తాయని మా అమ్మమ్మ అంటుంది. ఇది దానంతట అదే తెరుచుకుంటోంది కదా?

మా అత్తగారూ ఇదే అడిగారు. లాక్ వేసి చూపించాను. ‘అయితే సరే’ అన్నారు. ఆ తర్వాత లాక్ వేయని రోజున గొడవైంది, వేయనందుకే.